అమానతు ఖాతా విడిగా రాసిన మా మునీం సాబ్

మా మునీం సాబ్ పోయిండని మొన్న మంగళవారం హుజూర్‌నగర్ నుంచి కార్డొచ్చింది. కొడుకు రాసిండు. "నాయిన ఆదివారం పొద్దున పోయిండు. ఎక్కువ బాధపడలేదు. మీకు తప్పకుంట తెలుపుమని ముందే చెప్పిపెట్టిండు." గంతె. పోయేముందు గూడ ఎవలెవలికి కార్డు రాయాల్నో జాబితా వేసి పెట్టుకున్న మనిషి ఆయన.

ఆ కార్డు వచ్చేటాలకు నేను గల్లీల పేడాలు పంచుతున్న. మా బిడ్డను మహబూబ్‌నగర్ ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగ వేసిన్రని ముందురోజే ఆర్డరు అందింది. ఒక్క తలుపు విడిచిపెట్టలేదు. కోపం ఉన్నోళ్ల తలుపు గూడ కొట్టిన. పోస్టుమ్యానుకు సుత ఒక పేడా చేతుల పెట్టిన. ఆయన తిననీకె నోరు తెరిచి, నా మొకం చూసి, నోరు మూసుకొని కార్డు నా చేతికిచ్చిండు.

చదివే పెద్దలు మన్నించాలె. పోయినాయన గురించి రాస్తూ గింత సంతోషమేందని అనుకోవద్దు. నాకు సంతోషం ఆగుతలేదు, కండ్లల్ల నీళ్లు గూడ ఆగుతలేవు. రెండు ఆయన వల్లనే. ఏది ఎంతనో విడదీసి రాసే తెలివి నాకు లేదు. ఆ తెలివి ఆయనకు ఉండె.

నేను చదివింది నాలుగు జమాతులు. మాది కేతేపల్లి. బతుకుదెరువుకు మహబూబ్‌నగర్ వచ్చి ఒక నూనె మిల్లుల కాంటా కాడ కుదిరిన. రైతులు తెచ్చిన పల్లికాయ బస్తాలు తూచి చిట్టీ రాసుడు నా పని. మిల్లు లెక్కలన్ని చూసేటాయన మునీం సాబ్. బక్క మనిషి. తెల్ల ధోతి, నల్ల కోటు, చెవుల మీద జారే అద్దాలు. గట్టిగ మాట్లాడంగ ఎన్నడు వినలేదు.

మిల్లుల యాడ చూసినా పల్లీల గుట్టలే. ఎవలు పిడికెడు నోట్లె వేసుకున్నా అడిగెటోడు లేడు. మునీం సాబ్ మాత్రం పొద్దుగూకే ముందు గేటు బయటికి పోయి, గంప పెట్టుకొని కూసున్న అవ్వ కాడ అర్ధణ పెట్టి ఏంచిన పల్లీలు కొనుక్కుంటుండె. ఒకనాడు ఆ అవ్వనే అడిగింది.

"చెరువుల కూసోని నీళ్లు కొనుక్కుంటవేంది బిడ్డా?"

"లోపలి పల్లీలు నాయి కావు అవ్వా. నీ గంపలయి పైస పెడితె నాయైతయి."

"మీ సేటును అడిగితె ఇయ్యడా?"

"సేటుయి గూడ కావు. కంపెనీయి."

"గా కంపెనీ ఎవలు? గీ దిక్కు ఎన్నడు రాలేదే!"

"రాదు అవ్వా. దానికి కాళ్లు లేవు, నోరు లేదు. అందుకనే దాని సొమ్ము మనమే చూసుకోవాలె."

అవ్వకు సమజైందో లేదో గని, పక్కన నిలబడ్డ నాకు మాత్రం ఆ దినం కొంచెం తెలిసింది. పూర్తిగ తెలిసి ఉంటె, తర్వాత నేను చేసిన తప్పు చెయ్యకపోదును.

ఆ తప్పు చెప్పేముందు ధర్మం సంగతి చెప్పాలె. మా దిక్కు మండీలల్ల, మిల్లులల్ల బస్తాకు ఇంత అని రైతు పైసలల్లకెంచి ధర్మం కోసుడు పాత ఆచారం. గుడికి, చలివేంద్రానికి అని చెప్పి కోస్తరు. రైతును అడిగేది లేదు. మా మిల్లు లిమిటెడ్ కంపెనీ అయిన కొత్తల మునీం సాబ్ ఆ పద్ధతి మార్చిండు. "అడగకుంట కోస్తె అది ధర్మం కాదయ్యా, ధర తక్కువిచ్చుడు" అన్నడు. ఆనాటి సంది నేను బస్తా తూచినంక "ధర్మం ఒక అణా, ఇష్టమేనా?" అని గట్టిగ అడగాలె. రైతు ఇష్టమే అనేదాక కలం ఎత్తొద్దు. అన్నంక చిట్టీల పల్లి ధర ఒక వరుస, ధర్మం ఇంకో వరుస రాయాలె. సీజన్ల బండ్లు రోడ్డుదాక నిలబడ్డా సరే.

"ఏంది కాంటాయనా, పిల్లను చూడవచ్చినట్టు ఇష్టమేనా ఇష్టమేనా అని! జల్ది రాయరాదు, ఎడ్లు దూపకున్నయి, నీళ్లు పట్టాలె" అని రైతులు ఎక్కిరిస్తుండె.

ఆ అణాలు కంపెనీ పుస్తకంల కలిసేటియి కావు. ఆయన వాటికి వేరే పుస్తకం పెట్టి, పైన 'అమానతు' అని రాసిండు. మనల నమ్మి దాచుమని ఇచ్చిన సొమ్మని అర్థం. ఆ పుస్తకం తెరిచేటప్పుడు కుర్చీ కింద చెప్పులు విడిచేటోడు. ఎందుకని ఎవలన్న అడిగితె సిగ్గుపడుతుండె. "అలవాటైంది" అనెటోడు.

ఆ అమానతు పైసలతోనే ఆడపిల్లల హాస్టలు పెట్టిన్రు. ఒక కిరాయి ఇల్లు, ఒక వంటామె, రైతుల పిల్లలు, గొర్లకాపర్ల పిల్లలు. నా బిడ్డ గూడ అండ్లనే. మా ఇంటామె కేతేపల్లిల మేకలతోని, రెండెకరాల చెల్కతోని ఉంటుండె. నేను మిల్లుల కాంటా అర్రల పండెటోన్ని. అక్కడ బిడ్డకు పెద్దబడి లేదు. ఇక్కడ నా కాడ జాగ లేదు. హాస్టలు లేకుంటె నా బిడ్డ మేకల ఎంబడి పోవాల్సిందే.

సీజను అయినంక నాలుగు నెల్లు మిల్లు సప్పుడు చెయ్యదు. కంపెనీ పైసలు ఖాళీగ ఉంటయి. మునీం సాబ్ వాటిని బ్యాంకుల వేసి మిత్తి, అంటె వడ్డీ, తెచ్చేటోడు. ధర్మం పైసలకు బ్యాంకుల గూడ వేరే ఖాతానే. మిల్లు పెట్టి, కంపెనీకి పెద్ద డైరెక్టరయిన మా సేటుకు ఈ రెండు ఖాతాలు నచ్చకుండె. సేటు చెడ్డోడు కాదు. పేరంటె కొంచెం ఆశ, పన్నంటె కొంచెం భయం. ఒకనాడు నా ముందలనే అడిగిండు.

"అసలు రైతులదే అనుకో మునీం సాబ్. బ్యాంకుల వేసి చూసుకున్నది మనం. మిత్తి మనదే గదా?"

"మంది ఆవును మన కొట్టంల కట్టేస్తె దూడ మనదైతదా సేట్?"

"గొర్లను పాలుకిస్తలేరా? మేపినోనికి సగం పిల్లలు రావా?"

"పాలుకిచ్చెటోడు ముందుగాల నోరు తెరిచి చెప్తడు, సగం నీది సగం నాదని. మన రైతు గట్ల అన్నడా? జర చూస్తుండుమన్నడు. గంతె."

"నీతోని వాదం పెట్టుకుంటె నా టోపీ గూడ అమానతుల రాస్తవ్" అని సేటు నవ్వుకుంట పోయిండు.

అణా పోయి నయా పైసలు వచ్చిన తర్వాత, ఇన్‌కంటాక్స్ ఆఫీసు నుంచి ఒక ఇన్‌స్పెక్టరు మిల్లుకు వచ్చిండు. మునీం సాబ్ ఆ పూట బ్యాంకుకు పోయిండు. ఇన్‌స్పెక్టరు కాంటా కాడికొచ్చి, చిట్టీ చూసి, "ఈ ధర్మం ఆరు పైసలు ఎవరివి? ఆ హాస్టలు ఎవరిది?" అని అడిగిండు.

నా బిడ్డ ఆ హాస్టలుల అన్నం తింటుంది. నాకు మాట ఆగుతదా? "ఎవరిదేంది సార్! అంతా మా సేటుదే. దేవుడసొంటి మనిషి. సొంత పైసలు పెట్టి ఆడపిల్లలను సాదుతున్నడు. నా బిడ్డ గూడ ఆయన ఉప్పే తింటుంది" అన్న. అడగని మాటలు గూడ నాలుగు చెప్పిన. ఆయన అన్ని ఓపికగ రాసుకొని సంతకం పెట్టుమన్నడు. నాలుగు జమాతుల చదువంతా చూపించి, పేరు కింద గీత గూడ గీసి మరీ పెట్టిన.

నెల తిరగకముందే నోటీసొచ్చింది. ధర్మం కంపెనీ సొంత ఆదాయమే, దాని మీద వచ్చిన మిత్తి గూడ కంపెనీదే, మూడేండ్లకు పన్ను కట్టాలె. ఆధారం, కాంటా మనిషి వాంగ్మూలం.

మునీం సాబ్ నన్ను పిలిచి కాయిదం నా ముందల పెట్టిండు. "గీ సంతకం ఎవలదయ్యా?"

 ఆ పన్ను అమానతుల నుంచి కడితె మిగిలేది హాస్టలుకు రెండు నెల్ల బియ్యం. నా బిడ్డకు పెద్ద పరీక్ష అయిదు నెల్లున్నది. నా నోటితోని నేనే నా బిడ్డ కంచం లాగేసిన. ఒక్క నా బిడ్డదేనా, అందరి పిల్లలది. అక్కడనే కూలబడి ఏడ్చిన.

ఆయన కోపం చెయ్యలేదు. నీళ్లిచ్చిండు. "నువ్వు అబద్ధం చెప్పాలని చెప్పలేదు. విశ్వాసంతోని చెప్పినవ్. ఇన్‌కంటాక్స్ కాయిదంల విశ్వాసం రాయనీకె ఖానా లేదయ్యా, గదే చిక్కు" అన్నడు.

సేటు కాడ మాత్రం పెద్ద లొల్లి అయింది. నోటీసుల తనను దాత అని రాసిన వరుస సేటుకు లోపల సంబురమే. "ఉండనీ మునీం సాబ్. పన్ను ఆ ధర్మంల నుంచే కట్టెయ్. పేరన్న మనకు ఉంటది" అన్నడు.

"అమానతు పైసలతోని కంపెనీ పన్ను కట్టనీకె నా చెయ్యి రాదు సేట్."

"సరే, ఇంకో మాట. బ్యాంకుల కంపెనీ పైసల మీద మిత్తి వచ్చింది గదా. దాన్నన్న నూనె వ్యాపారంల కలిపి చూపెట్టు. ఇంజను చెడిన ఏటి నష్టం ఇంకా మిగిలున్నది. నష్టంల మిత్తి మునుగుతది, పన్ను తప్పుతది."

"పల్లి పిండితె వచ్చింది వ్యాపారం. బ్యాంకుల పండుకున్న పైస కన్నది వ్యాపారం కాదు, అది వేరే ఖానా. వెనకటి వ్యాపారపు నష్టాన్ని దాంట్ల ముంచనీకె చట్టం ఒప్పదు. అది కంపెనీదే, దానికి పన్ను కట్టాలె. ధర్మం కంపెనీది కాదు, దానికి కట్టొద్దు. రెండు మాటలు ఒక్క నోటితోని చెప్తెనే ఆఫీసరు నమ్ముతడు."

"నీకు జీతమిచ్చేది నేనా, ఆఫీసరా?"

మునీం సాబ్ నడుముకున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టిండు. ఇంట్ల నలుగురు పిల్లలు, ఇంకో నౌకరి లేదు. నేను తలుపు కాడ నిలబడి చూస్తున్న. సేటు తాళాలను చూసిండు, కిటికీల నుంచి బయట నిలబడ్డ బండ్లను చూసిండు.

"తీసుకో తాళాలు. ఎవలన్న చూస్తె నవ్వుతరు" అన్నడు. "నీ ఇష్టమొచ్చినట్టు చెప్పుకో పో. గని ఓడిపోతె ఊకోను."

ఇన్‌కంటాక్స్ ఆఫీసుల విచారణ పేశీ దినం ఇద్దరం నడుచుకుంట పోయినం. ఏం చెప్పాల్నో నేర్పుండ్రని దారి పొడుగున బతిమాలిన. "నేర్పితె అది నా మాటైతది. నువ్వు రోజు చేసేదే చెప్పు" అన్నడు, ఇంకో ముక్క చెప్పలేదు.

ఆఫీసరు కోస్తా దిక్కు మనిషి. మెత్తగ మాట్లాడుతడు, కండ్లు మాత్రం మెత్తగ లేవు. నా సంతకం కాయిదం తీసి పట్టుకున్నడు. "ఏం బాబూ, అప్పుడు సేటుగారి సొంత డబ్బని సంతకం చేశావు. ఇప్పుడు రైతులదంటున్నారు మీవాళ్లు. ఏది నిజం?"

దండం పెట్టిన. "సార్, మా దిక్కు పెండ్లికి పోతె అన్నం పెట్టినోన్ని పొగిడి వస్తం. బియ్యం ఎవలింటి నుంచి వచ్చినయని అడగం. అడిగితె మర్యాద కాదు. ఆనాడు నేను అట్లనే పొగిడిన. తప్పయింది."

ఆయన మూతి మీద చిన్న నవ్వు కదిలింది. "సరే, కాటా దగ్గర రోజూ ఏం జరుగుతుందో చెప్పు."

రోజు చేసే పని చేతులకు వచ్చినట్టు నోటికి వస్తదా? అందుకని చేసి చూపెట్టిన. ఆయన బల్ల ముందల లేని బస్తాను లేపి, లేని కాంటకు వేసి, దించి, మిల్లుల అరిచినట్టే అరిచిన. "ధర్మం ఆరు పైసలు, ఇష్టమేనా?"

"ఇష్టమే!" అని జవాబొచ్చింది.

అందరం వెనక్కి చూసినం. తలుపు కాడ నిలబడ్డ చప్రాసి. నాలిక కరుచుకున్నడు పాపం. "మాఫ్ చెయ్యుండ్రి సార్, మా నాయిన ఎంబడి ఆ మిల్లుకే పల్లి తోల్కపోయేటోన్ని. ఈయన ఊకోడు, జవాబు చెప్పేదాక బస్తా కదలనియ్యడు" అన్నడు.

ఆఫీసరు అద్దాలు తీసి తుడుచుకున్నడు. "ఇష్టం లేదంటే?"

మునీం సాబ్ సంచిలకెంచి ఒక చిట్టీ తీసిండు. నాకు వెంటనే యాదికొచ్చింది. ఒక ముసలామె, ఒకటే బస్తా. నేను అడిగితె "నా కొడుకు దవాఖానల పడున్నడు, నాకే ఎవలన్న ధర్మం చెయ్యాలె, పో" అన్నది. ఆ చిట్టీల ధర్మం వరుస కొట్టేసి, పక్కన 'ఇష్టం లేదన్నది, కొయ్యలేదు' అని ఉన్నది. ధరల ఒక్క పైస తగ్గలేదు. అసొంటియి ఇంక కొన్ని తీసి వరుసగ పెట్టిండు. ఆఫీసరు ఒక్కొక్కటి చదివిండు.

"మరి ఇంజను చెడిన ఏడాది ఈ ధర్మం డబ్బే వాడుకున్నారు కదా? అవసరానికి తీసుకున్నారంటే మీ సొంతమనేగా?"

"తీసుకున్నం సార్, దాస్తలేను. తీర్మానం రాసి, అప్పు కింద బదులు తీసుకున్నం. నెల తిరిగినంక బ్యాంకు ఇచ్చే మిత్తి లెక్కన కంపెనీ మిత్తి కట్టి వాపసిచ్చింది. రసీదు గిదిగో." కొంచెం ఆగి మెల్లగ అన్నడు, "ఎవలన్న తన జేబుల పైసలకు తనే మిత్తి కట్టుకుంటడా సార్?"

ఆఫీసరు చానసేపు కాయిదాలు తిరగేసిండు. తర్వాత ఇంకో కాయిదం మీద వేలు పెట్టిండు. "కంపెనీ సొంత వడ్డీని మీ అంతట మీరే విడిగా చూపించారు. వ్యాపారంలో కలిపి ఉంటే ఈ ఏడాది పన్ను పడేది కాదు. నేను పట్టుకునేవాణ్ణో లేదో. ఎందుకు చూపించారు?"

"పైస యాడ పుట్టిందో అదే దాని ఇంటిపేరు సార్. మనకు లాభమని మారుస్తె, ఇంకో కాడ మనకు నష్టమని మీరు మారుస్తరు. అప్పుడు నేను వద్దనలేను."

ఆ మాట తర్వాత ఆ ఆఫీసరు ఆయనను కూసోమన్నడు. అప్పటిదాక ఇద్దరం నిలబడే ఉన్నం.

ఆర్డరు రానీకె రెండు నెల్లు పట్టింది. ఆ రెండు నెల్లు నేను హాస్టలు గల్లీకి పోలేదు, బిడ్డ మొకం చూసే ధైర్యం లేక. ఆర్డరొచ్చిన దినం మునీం సాబ్ తనే కాంటా కాడికి నడిచొచ్చి, బస్తాల నడుమ నిలబడి చదివి వినిపించిండు. ధర్మం కంపెనీ చేతిల పడింది గని కంపెనీకి వచ్చిన ఆదాయం కాదు. దాని మిత్తి గూడ దాని దారినే పోవాలె. కంపెనీ సొంత పైసల మీద మిత్తి మాత్రం కంపెనీదే, వ్యాపారం కాదు, వేరే ఆదాయం, దానికి పన్ను కట్టాలె. సేటు ఆ పన్ను గులుగుకుంట కట్టిండు. తర్వాత అదే రసీదు జేబుల పెట్టుకొని, "మాది నిజాయితీ గల కంపెనీ" అని కనబడ్డోళ్లకల్లా చూపెట్టిండు. అదీ మునీం సాబ్ పుణ్యమే. నేను అరుస్తనే ఉన్న, బస్తాల మీద ఎక్కి దుంకుతనే ఉన్న. ఆయన మాత్రం, "దిగయ్యా, సంచి చిరుగుతది, అది రైతుది" అన్నడు.

నా బిడ్డ పరీక్ష పాసయింది. ట్రైనింగయి పంతులమ్మయింది. ఎన్ని ఊర్లు తిరిగినా, సెలవులల్ల హాస్టలుకు పోయి పిల్లలకు లెక్కలు చెప్పేది.

మునీం సాబ్ నౌకరి విడిచి హుజూర్‌నగర్ పోయినంక, నిరుడు ఒకసారి చూసి వచ్చిన. కండ్లకు పొర వచ్చింది. గొంతును బట్టి నన్ను గుర్తుపట్టిండు. నేను ఊకుంటనా? మీరు లేకుంటె నా బిడ్డ లేదు, మీరే మాకు తల్లి, మీరే తండ్రి అని మొదలు పెట్టిన.

"మల్లా పొగుడుతున్నవా?" అని నవ్విండు. "పోయినసారి నువ్వు పొగిడితె నాకు మూడు నెల్లు నిద్రలేదు."

ఇద్దరం నవ్వినం. తర్వాత నా చెయ్యి పట్టుకొని చెప్పిండు. "నేనేం ఇచ్చిన్నయ్యా ఎవలికి? ఏది ఎవలదో అది వాళ్ల దిక్కు పెట్టిన. గంతె. అది చెయ్యనీకె గొప్పోడు కావాల్నా?"

కావాలె సాబ్. నేను చూసిన లోకంల కావాలె. ఆనాడు మీ ముందల అననియ్యలేదు, ఇప్పుడు అంటున్న.

మంగళవారం ఆ కార్డు పట్టుకొని హాస్టలుకు నడిచిపోయిన. బిడ్డ పొద్దుగాలనే పని చేతికి తీసుకున్నది. పగటీలి బువ్వ యాల. పిల్లలు బడి నుంచి వచ్చి చాపల మీద వరుసగ కూసున్నరు, ఒక్కటే కలకల. నా బిడ్డ కొంగు నడుముకు చెక్కి పప్పు గిన్నె పట్టుకొని వడ్డిస్తున్నది. నా చేతుల కార్డు చూసింది, దగ్గరికొచ్చి నిలబడే చదివింది. కార్డు మడిచి నా చేతుల పెట్టింది.

"బాపూ, ఇప్పుడే చెప్పకు. పిల్లలు తిననీ" అన్నది.

నేను గడప కాడ కూసున్న. బిడ్డ మల్లా వరుసలకు పోయింది. చివర్ల కూసున్న పిల్ల, అందరికంటె చిన్నది, ఎక్కడి నుంచో ఆ వారమే వచ్చిందట, కంచం రెండు చేతులతోని పైకెత్తి పట్టుకున్నది.

"అక్కా, నాకింకింత."

నా బిడ్డ మొకం పక్కకు తిప్పుకొని భుజానికి కండ్లు తుడుచుకున్నది. వంగి, గంటె నిండ ముంచి, ఆ కంచంల పోసింది.